ఆటగాడు ఉపాధ్యాయుడైన వైనము

(మన సంఘము జరిపిన విద్యార్థి బహుమతి ప్రదానోత్సవ సభలో విశ్రాంత డ్రిల్లు ఉపాధ్యాయు లొకరు చేసిన ప్రసంగ పాఠము)



సభలలో మాట్లాడుట నాకు అలవాటు లేదు. ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాల మైదానములో ఈల ఊదినవాడను. ఈల ఊదిన తరువాత మాట్లాడ నవసరము లేదు. పిల్లలు వారంతట వారే పరుగెత్తుదురు. ఇచట నాకు ఆ సౌకర్యము లేదు. కార్యదర్శిగారు "చదువు, ఆట" అను విషయము నిచ్చినారు. ఆరోగ్యమే మహాభాగ్యమని అరగంటసేపు చెప్పి కూర్చొనవచ్చును. అది మీరు పలుమార్లు విన్నదే కనుక, దానిని విడిచి ఒక మనుష్యుని కథ చెప్పెదను. ఆయన తెలుగువారు కారు, భారతీయులును కారు. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో 1945లో జన్మించిన బాబీ క్లార్క్ అను ఫుట్‌బాల్ ఆటగాడు. తన దేశమున వృత్తి ఆటగాడుగా పేరు గడించి, తరువాత అమెరికా కళాశాలలలో శిక్షకుడుగా మూడు దశాబ్దములకు దగ్గరగా పనిచేసినారు.

ఇంతమంది ఉండగా ఆయన కథ యెందుకని అడుగుదురు. దానికి జవాబు చెప్పవలెనన్న ముందు నా తప్పొకటి చెప్పుకొనవలెను.

కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలలో ఒక పిల్లవాడుండెను. పేరు చెప్పను. ఇంట తెలుగు, బడిలో ఊరి భాష. తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినచో లేచి నిలిచి కిటికీవైపు చూచెడివాడు. జవాబు తెలియక కాదు. మాట తప్పు దొర్లునేమో, పిల్లలు నవ్వుదురేమో అని భయము. సాయంకాలము మైదానములో దిగినంతనే వాడు వేరొక పిల్లవాడు. ఇటు తన్ను, వెనుక చూడు, వదలు, పట్టు అని ఆ ఊరి భాషలోనే గొంతు చించుకొని అరచెడివాడు. వ్యాకరణము గుర్తు వచ్చెడిది కాదు. మన పిల్లలలో చాలమందికి చుట్టుపట్ల భాష నోటికి వచ్చుట పాఠ్యపుస్తకము వలనకంటె బంతి వలననే యెక్కువ. ఇది నా అనుభవము. ఒప్పుకొననివారు సాయంకాలము మైదానమునకు వచ్చి వినవచ్చును.

ఆ పిల్లవాని ఎడమకాలిలో విద్య యున్నది. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. చదువు పాడగుచున్నదని కోపగించి ఒకనాడు బంతిని కత్తిపీటకు వేసి రెండు చెక్కలు చేసినాడు. నేను వారి యింటికి పోయి, "అయ్యా, వీని కాలిలో అన్నమున్నది, అడ్డుపడకండి" అని బ్రతిమాలినాను. కొత్త బంతి నేనే కొనియిచ్చినాను. పదునేడవ యేట, పన్నెండవ తరగతి పరీక్షలకు మూడు నెలలుండగా, ఒక పెద్ద పట్టణములోని క్లబ్బువారు రమ్మని పిలిచినారు. పరీక్ష తరువాత వ్రాయవచ్చునని నేనే చెప్పినాను. వారు కోరిన కాగితముపై ఉపాధ్యాయుని సంతకము నాదే. నాలుగేండ్లు ఆడినాడు. ఇరువది రెండవ యేట మోకాలిలో నరము తెగినది. ఒప్పందము గడువు తీరినది, తిరిగి వ్రాయలేదు. ఒక సాయంకాలము మా అరుగుమీదికి వచ్చి కూర్చొని, చాలసేపు ఊరక ఉండి, "మేష్టారూ, కాలు పోయిన తరువాత ఏమి చేయవలెనో మీరు నాకు చెప్పలేదండీ" అన్నాడు. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను.

అప్పటినుండి ఆటగాండ్ర జీవితములు చదువుచున్నాను. వారు ఎట్లు గెలిచినారో తెలిసికొనుటకు కాదు; ఆట ముగిసిన మరునాడు ఏమి చేసినారో తెలిసికొనుటకు. ఆ పుస్తకములలో చాలవరకు ఆఖరి మ్యాచితో ముగియును. అట్లు వెదకగా నాకు దొరికినవారు ఈ క్లార్క్‌గారు.

ఆయన మొదట ఆడినది గ్లాస్గోలోని క్వీన్స్ పార్క్ అను జట్టుకు. 1867లో స్థాపించిన ఆ జట్టు స్కాట్లండులోని ఫుట్‌బాల్ క్లబ్బులలో మిక్కిలి పురాతనమైనది. అందులో ఆటగాండ్రకు జీతము లేదు. చుట్టునున్న జట్లన్నియు డబ్బిచ్చి ఆడించుచుండగా, ఆ నియమమును వారు 2019వరకు నిలుపుకొన్నారు. జీతము లేని జట్టులో ఆడువాడు బ్రతుకుతెరువునకు వేరొక పని నేర్వవలసినదే గదా. క్లార్క్ గ్లాస్గోలోని జోర్డన్‌హిల్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరి వ్యాయామ ఉపాధ్యాయుని చదువు చదివినారు. ఈ ఒక్క విషయము జ్ఞాపకముంచుకొనుడు. తక్కిన కథయంతయు దీనిపై నిలిచియున్నది.

1965లో ఎడ్డీ టర్న్‌బుల్ అనువారు క్వీన్స్ పార్క్ శిక్షకత్వము వదలి అబర్డీన్ జట్టునకు మేనేజరుగా పోయినారు. ఆయన వెంట ఈ పొడవైన యువకుడును పోయి వృత్తి ఆటగాడైనారు. అబర్డీన్ ఉత్తర సముద్రపు ఒడ్డున నున్న నగరము. అచట పదునైదు సంవత్సరములు గోలుకీపరుగా నిలిచి, ఐదువందలకు మించి మ్యాచీలాడినారు. 1967లో స్కాటిష్ కప్పు ఆఖరి ఆటలో సెల్టిక్ జట్టు చేతిలో రెండు గోళ్ళతో ఓడినారు. ఆ వేసవిలోనే ఒక వింత జరిగినది. అమెరికాలో ఫుట్‌బాల్ నాటవలెనని కొందరు ధనికులు ఒక లీగు పెట్టి, ఆడువారు లేక, విదేశపు జట్లను ఉన్నవి ఉన్నట్లు తెప్పించి వాటికి అమెరికా నగరముల పేర్లు పెట్టినారు. అబర్డీన్ జట్టు "వాషింగ్టన్ విప్స్" అయినది. ఇంగ్లండునుండి వచ్చిన వుల్వర్‌హాంప్టన్ జట్టు "లాస్ ఏంజెలిస్ వుల్వ్స్" అయినది. ఆఖరి ఆటలో ఈ రెండును తలపడి, అదనపు సమయము దాటిన తరువాత అబర్డీన్ ఆటగాని కాలికే తగిలి బంతి స్వంత గోలులో పడగా, 6-5 తేడాతో అబర్డీన్ ఓడినది. మన వీధి నాటకములలో వేషము మార్చుకొని వచ్చినట్లున్నది గదా! ఇరువది యొకటవ యేట క్లార్క్ అమెరికాను చూచినది అట్లు, వేరొక పేరు తగిలించుకొన్న జట్టులో.

రెండేండ్ల తరువాత ఆయనకు చెడ్డకాలము వచ్చినది. జట్టులో రెండవ గోలుకీపరైన ఎర్నీ మెగార్ 1969లో ఆయన స్థానము నాక్రమించినాడు. దేశపు జట్టుకు కూడ ఆడినాడు. ఫార్వర్డు ఆటగాడు స్థానము పోగొట్టుకొన్నచో వేరొక చోట ఆడవచ్చును. గోలుకీపరునకు ఆ అవకాశము లేదు. స్తంభముల నడుమ ఉన్నది ఒక్కటే చోటు. నేను మీతో నిజము చెప్పవలెనన్న, ఆ కాలమున క్లార్క్ మనస్సులో ఏమున్నదో నేనెరుగను. కాని ఉపాధ్యాయుని యోగ్యతాపత్రము ఇంట ఉన్నవాడు ఆ దినములను గడపిన తీరు, అది లేనివాడు గడపెడు తీరు ఒకటి కావని మాత్రము ఎరుగుదును. మా అరుగుమీద కూర్చున్న పిల్లవానిని చూచినవాడను.

స్థానము తిరిగి వచ్చినది. 1970 ఏప్రిల్ 11వ తేదీన హాంప్డెన్ పార్కులో లక్షమందికి పైగా జనము చూచుచుండగా అదే సెల్టిక్ జట్టును 3-1తో ఓడించి అబర్డీన్ స్కాటిష్ కప్పు గెలిచినది. గోలులో నిలిచినది క్లార్కే. ఆ మరుసటి ఆటల సంవత్సరములో ఆయన చేసినది లెక్కకు అందినను ఊహకు అందుట కష్టము. 1155 నిముషములు, అనగా పందొమ్మిది గంటలకు మించి, లీగు ఆటలో ఒక్క బంతియు ఆయనను దాటి వలలో పడలేదు. వరుసగా 12 పూర్తి మ్యాచీలు, ఆపైన మరికొంత. 1971 జనవరిలో ఎడింబరో నగరపు హిబర్నియన్ జట్టు ఆ ద్వారము తెరచినది. బ్రిటనులో ఆ లెక్కను దాటుటకు 1987లో రేంజర్స్ గోలుకీపరు క్రిస్ వుడ్స్ రావలసివచ్చినది.

ఇచట పిల్లలకొక మాట. పందొమ్మిది గంటలు గోలు పడకపోవుటయనగా ఆయన పందొమ్మిది గంటలు గాలిలో ఎగిరినాడని కాదు. గోలుకీపరు పనిలో ముప్పాతిక భాగము చూచుట, చెప్పుట. మైదానమంతయు ఎదుట పరచుకొని కనబడునది అతనికొక్కనికే. ఎవడు చోటు వదలినాడు, ఎవడు అలసినాడు, ఎటునుండి ప్రమాదము వచ్చుచున్నది అని కనిపెట్టి ముందే కేక వేయును. కేక సరియైన సమయమున పడినచో దూకవలసిన పనియే లేదు. మా పాఠశాలలో గోలుకీపరు పని ఎప్పుడును పరుగెత్తలేని పిల్లవానికి తగిలించెడివారము. ఎంత తెలివితక్కువ!

స్కాట్లండు దేశపు జట్టుకు ఆయన 17 మ్యాచీలాడినారు. 1978లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలకు జట్టుతోపాటు వెళ్ళినారు గాని, ఒక్క ఆటలోను దిగలేదు. 1976లో లీగ్ కప్పు వచ్చినది. 1980 మే నెలలో, అలెక్స్ ఫెర్గ్యూసన్ మేనేజరుగా నుండగా, హిబర్నియన్ జట్టును వారి మైదానములోనే 5-0తో ఓడించి అబర్డీన్ ఇరువదియైదేండ్ల తరువాత లీగు గెలిచినది. అప్పటికి క్లార్క్‌నకు ముప్పదినాలుగేండ్లు. ఆ తరువాత ఆ స్తంభముల నడుమ యువకుడైన జిమ్ లేటన్ నిలిచినాడు.

ఇది మొదటి సగము. చాల పుస్తకములు ఇచట ముగియునని చెప్పితిని గదా.

1983లో ఆయన భార్యాబిడ్డలతో జింబాబ్వే దేశమునకు వెళ్ళి, బులవాయో నగరములోని హైలాండర్స్ జట్టుకు శిక్షకుడైనారు. ఆ దేశము స్వతంత్రమై మూడేండ్లే. 1985లో అమెరికా ఈశాన్యమున, న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోని డార్ట్‌మత్ కళాశాల ఆయనను ఫుట్‌బాల్ శిక్షకుడుగా తీసికొన్నది. 1769లో స్థాపించిన పాత విద్యాసంస్థ అది. ఫెర్గ్యూసన్ వంటివాని క్రింద ఆడి లీగు గెలిచిన మనిషి పెద్ద జట్టు నొకదానిని నడపబోవునని జనమనుకొందురు. ఈయన విద్యార్థుల మధ్యకు పోయినారు.

అమెరికా పద్ధతి మనకు కొంచెము చెప్పవలసియున్నది. స్కాట్లండులో ఆటలో నేర్పున్న బాలుడు పదునైదు పదునారేండ్లకే క్లబ్బులో చేరును. చదువు ఒక దారి, ఆట ఒక దారి. అమెరికాలో చిరకాలము కళాశాలయే ఆటకు ద్వారము. విశ్వవిద్యాలయముల జట్లు తమలో తాము పోటీపడును; ఫుట్‌బాల్‌లో జాతీయ విజేతను నిర్ణయించు పోటీ 1959లో మొదలైనది. అక్కడివారు దీనిని "సాకర్" అందురు. వారు ఫుట్‌బాల్ అనునది చేతులతో పట్టుకొని పరుగెత్తునది. విద్యార్థికి ఆడుటకు కొద్ది సంవత్సరముల అర్హతయే ఉండును. ఆటల కాలములో వారమునకు ఇరువది గంటలు మించి అభ్యాసము చేయించరాదు, వారమున ఒక దినము విడుపు ఇవ్వవలెను. తరగతిలో మార్కులు పడిపోయినచో ఆడనీయరు.

డార్ట్‌మత్ చేరిన "ఐవీ లీగ్" కళాశాలలలో ఆటకని విద్యార్థివేతనమే లేదు. ఆటగాడు తక్కిన విద్యార్థులవలె చదువుతోనే ప్రవేశము సంపాదింపవలెను. శిక్షకుని చేతిలో పైకము లేదు. ఇట్టి కళాశాలతో క్లార్క్ 1988, 1990, 1992 సంవత్సరములలో ఐవీ లీగ్ గెలిచినారు. తరువాత రెండేండ్లు న్యూజిలాండు దేశపు జట్టును నడపి, 1996లో తిరిగి అమెరికాకే వచ్చి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చేరినారు. 1998లో ఆ జట్టు జాతీయ పోటీల ఆఖరి ఆటవరకు పోయి ఇండియానా చేతిలో 3-1తో ఓడినది. 2001లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయమునకు మారి, 2017వరకు, అనగా 17 ఆటల సంవత్సరములు, అచటనే యుండినారు.

నోటర్‌డామ్‌లో విద్యార్థివేతనములున్నవి, అందులోనే చిక్కున్నది. ఆ కాలపు నియమము ప్రకారము పురుషుల సాకర్ జట్టుకు మొత్తము 9.9 వేతనములే. తొమ్మిదియు, పదవ వంతులు తొమ్మిది! జట్టులో ఇరువదియైదు మందికి తక్కువ ఉండరు. ఒకనికి సగము, ఒకనికి పావు, ఒకనికి పుస్తకముల ఖర్చు, మరియొకనికి భుజము తట్టుట. ఎవరికెంత ఇచ్చినను లెక్క 9.9 దాటరాదు. సన్నకారు సంసారములో ఒక గిన్నెడు పెరుగు పదిమంది విస్తళ్ళలో వడ్డించు ఇల్లాలి నేర్పు ఇచట కావలెను. వడ్డించుటయే కాదు, తక్కువ పడినవాడు అలిగి లేచిపోకుండ చూడవలెను. 2025లో ఈ నియమము మారినది గాని, క్లార్క్ పనిచేసినన్నాళ్ళు ఇదే. ఇంతకంటె పెద్ద చిక్కు వేరొకటి. క్లబ్బు మేనేజరు మంచి ఆటగానిని పదేండ్లు ఉంచుకొనవచ్చును. కళాశాల శిక్షకుడు తాను దిద్దిన పిల్లవాడు సరిగా పండిన యేడే వానికి పట్టమిచ్చి పంపివేయవలెను. ఏటేట మొదటినుండి మొదలు. ఇది ఉపాధ్యాయుల బ్రతుకు. జోర్డన్‌హిల్ కళాశాలలో నేర్పినది ఈ పనియే.

2013 డిసెంబరు 15వ తేదీన ఫిలడెల్ఫియా దగ్గరి చెస్టర్ పట్టణములో నోటర్‌డామ్ జట్టు మేరీలాండ్ జట్టుతో జాతీయ పోటీల ఆఖరి ఆట ఆడినది. నోటర్‌డామ్ సాకర్ జట్టు ఆఖరి ఆటకు వచ్చుటయే అది తొలిసారి. శిక్షకునికి అరువది యెనిమిదేండ్లు. మొదటి గోలు మేరీలాండ్ చేసినది. చేసిన ప్యాట్రిక్ మల్లిన్స్ చేతికి బంతి తగిలినదని అందరును చూచినారు, రెఫరీ తప్ప. అట్టివేళ జట్టులు రెఫరీతోనే ఆడ మొదలుపెట్టి మ్యాచి పోగొట్టుకొనుట నేను ఈ ఊరి మైదానములో ఎన్నిసార్లో చూచినాను. నేను రెఫరీగా నుండగా నా చొక్కా కూడ చిరిగినది. వీరు అట్లు చేయలేదు. అర్ధ విరామమునకు ముందే లియాన్ బ్రౌన్ సరిచేసినాడు. అరువదవ నిముషమున హారిసన్ షిప్ తన్నిన ఫ్రీ కిక్కును ఆండ్రూ ఓమాలీ తలతో లోనికి పంపినాడు. 2-1. నోటర్‌డామ్ పురుషుల సాకర్‌లో అది మొదటి జాతీయ విజయము.

ఆ హారిసన్ షిప్ సంగతి కొంత చెప్పవలెను, ఎందుకనగా మా అరుగుమీది ప్రశ్నకు అది జవాబు. చదువులోను ఆటలోను ముందున్న పిల్లవాడు. పట్టా పుచ్చుకొని షికాగో, మాంట్రియల్, సియాటిల్ జట్లలో వృత్తి ఆటగాడుగా ఆడి, 2020లో, ఇరువది యెనిమిదేండ్లకు, ఆట చాలించి తిరిగి చదువు దారి పట్టినాడు. ఎవరును తరిమివేయలేదు; తానే లేచి పోయినాడు. ఆయన శిష్యులలోనే మ్యాట్ బెస్లర్ అను మరియొకడు నోటర్‌డామ్‌లో వైద్యవిద్యకు పూర్వమైన చదువు చదువుచు ఆడి, తరువాత కాన్సస్ సిటీ జట్టుకు ఆడి, 2014 ప్రపంచ కప్పులో అమెరికా దేశపు జట్టులో నిలిచినాడు. చదివినందువలన ఆట చెడుననువారు ఈ పేరును వ్రాసికొనవలెను. ఆడినందువలన చదువు చెడుననువారు మొదటి పేరును వ్రాసికొనవలెను.

క్లార్క్ కుమారులలో జేమీ స్టాన్‌ఫర్డ్‌లో తండ్రి క్రిందనే ఆడి, ఆయనవలెనే కళాశాల శిక్షకుడైనాడు. 2021లో అతని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు జట్టు జాతీయ ఆఖరి ఆటవరకు వచ్చి ఓడినది. టామీ వైద్యుడైనాడు. చిన్నతనమున బులవాయోలో తండ్రివెంట ఉన్నవాడు కనుక, పెద్దవాడై ఆ దేశమునకు తిరిగివెళ్ళి హైలాండర్స్‌కు ఆడి, ఆంగ్లము బోధించినాడు. తనతో ఆడినవారు ఎయిడ్సు వ్యాధివలన పోవుట చూచి, బంతి ఆట ద్వారా పిల్లలకు ఆ వ్యాధిని గూర్చి బోధించు "గ్రాస్‌రూట్ సాకర్" అను సంస్థను 2002లో మిత్రులతో కలసి స్థాపించినాడు. అది బులవాయోలోనే మొదలైనది. తండ్రి అక్కడ శిక్షకుడుగా ఉన్నది కొద్దికాలమే.

అమెరికాను పొగడుటకు వచ్చితినని అనుకొనవద్దు. అక్కడి కళాశాల ఆటలలో, ముఖ్యముగా వారి చేతి ఫుట్‌బాల్‌లో, ధనము వరదవలె ప్రవహించును. కొన్నిచోట్ల ఆట శిక్షకుని జీతము విశ్వవిద్యాలయపు అధ్యక్షుని జీతమును మించును. ఆ ధనమంతయు ఎవరి కాళ్ళమీద వచ్చినదో ఆ విద్యార్థులకు చిరకాలము వేతనము తప్ప పైసా లేదు. 2021నుండి తమ పేరు, బొమ్మ వాడుకొన్నందుకు డబ్బు పుచ్చుకొను హక్కు వచ్చినది; 2025నుండి విశ్వవిద్యాలయములే నేరుగా పంచుటకు ఒప్పుకొన్నవి. ఇక వారు విద్యార్థులా, కూలివారా అను తగవు అక్కడ నడచుచున్నది. అది వారు తేల్చుకొందురు. నాకు కావలసినది ఆ వైభవము కాదు. పరీక్ష వ్రాసిన వానినే మైదానములో దింపుదునను నియమమొక్కటి. దానికి ఖర్చు లేదు.

ఇట్టి మనుష్యుడు మనవైపు లేడనియు అనుకొనవద్దు. హైదరాబాదున సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పాఠశాలలలో బోధించి, వ్యాయామ విద్యలో యోగ్యత సంపాదించి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనారు. ఆ జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారతదేశము 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. 1963లో క్యాన్సరుతో మరణించినారు. క్లార్క్ ఆటగాడై పంతులైనారు. రహీమ్ గారు పంతులై శిక్షకులైనారు. ఇద్దరియొద్దను ఉన్నది ఒకటే చదువు, పిల్లవానికి ఒక విషయము పట్టుబడువరకు ఎట్లు చెప్పవలెను అనునది.

ఇక మా పిల్లవాని సంగతి చెప్పి ముగించెదను. వాడు ఇప్పుడు తండ్రి పనిచేసిన కొట్టులోనే పగలు పనిచేయుచున్నాడు. సాయంకాలము ఐదున్నరకు మన మైదానమునకు వచ్చి నలుబదిమంది పిల్లలను ఆడించుచున్నాడు. జీతము లేదు. నేను గోడమీద కూర్చొని చూచుచుందును. వాని మోకాలు వంగదు గాని, నోరు చక్కగా వంగును. మన పిల్లలతో తెలుగులోను, తక్కినవారితో ఊరి భాషలోను, తొందరలో రెంటిని కలిపియు చెప్పును. ఎవడు తరగతికి పోలేదో వానిని గోలు వెనుక నిలబెట్టి బంతులు ఏరించును. అది నేను నేర్పినది కాదు. నాకు తోచియుండిన వానికి ఆ గతి పట్టకపోవును.

వానికి రెండు కావలెను. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఆగిపోయిన పన్నెండవ తరగతి పరీక్ష వ్రాయుట ఒకటి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి శిక్షకుల "డి" లైసెన్సుకు తరగతులకు పోవుట రెండవది. ఆపైన వ్యాయామ ఉపాధ్యాయుని చదువు. మన సంఘపు విద్యానిధినుండి ఇంతవరకు మార్కులు చూచి మాత్రమే ఇచ్చుచున్నాము, అదియు ఇరువది యేండ్లు దాటనివారికే. ఆ నియమము పెట్టిన సంఘసభ్యులలో నేనును ఒకడను. వయస్సు దాటినదని వానిని త్రోసివేయుటకు ఆ నియమము చాలును. నిధి చిన్నదని ఎరుగుదును. పూర్తిగా ఇవ్వలేకున్న సగమిండు, సగము కాకున్న పరీక్ష రుసుమైన నిండు. 9.9ని ఇరువదియైదు మందికి పంచినవారున్నారు. మిగిలినది కొట్టు యజమానులలో ఇద్దరు ఇత్తుమని నాతో అన్నారు.

దరఖాస్తు నిన్ననే కార్యదర్శిగారి బల్లపై పెట్టినాను. వచ్చే ఆదివారము కార్యవర్గ సమావేశములో దానిని చదువుదురు. తండ్రి సంతకము, వాని సంతకము ఉన్నవి. ఉపాధ్యాయుని సంతకమునకు ఉంచిన చోట నేను సంతకము చేసినాను. ఈసారి కాగితము పూర్తిగా చదివియే చేసినాను.